స్పైక్స్ కొనాలా, టెస్టు చేయించాలా?

"పరుగు జీన్స్‌లో ఉండాలి రా" అంటుంటారు. సగం నిజమే. వేగంగా సంకోచించే కండరాల్లో ఆల్ఫా-ఆక్టినిన్-3 అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని తయారుచేయించే జన్యువు ఏసీటీఎన్3. మేటి స్ప్రింటర్లలో ఈ ప్రొటీన్ లేనివాళ్లు చాలా అరుదని 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. కానీ ఉన్నవాళ్లు లోకంలో కోట్లమంది. నాకూ ఉండే ఉంటుంది, అయినా బస్సు రోజూ మిస్సే!

ఇప్పుడు ఉమ్మి పరీక్షతో పిల్లలకు ఏ ఆట సరిపోతుందో చెప్తామంటూ అమ్ముతున్నారు. మా తమ్ముడికి చేయిద్దామని నాన్న. వద్దని నేను. రిపోర్టులో 'లేదు' అని వస్తే వాడికిక గ్రౌండ్ బంద్. విశాఖ జ్యోతి యర్రాజీ 2023లో హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. చిన్నప్పుడు ఆమెను గుర్తించింది స్కూల్ పీఈటీ, ల్యాబ్ కాదు.

తమ్ముడి కాలి సైజు అయిదు. మెస్ బిల్లు పోను మిగిలితే స్పైక్స్ నేనే కొంటా.