తొమ్మిది చుక్కలు

"మరమగ్గాల మీద ఏమన్నా రాయి, మీవాళ్ళు భివండీలనే ఉంటరు గదా" అన్నారు మేడం. మగ్గాల గురించి నాకు తెలిసింది తక్కువ. మా బాపు ఫోను పదకొండు రోజులు తెరుచుకోని సంగతి మాత్రం బాగా తెలుసు. అదే రాస్తున్నాను.

నేను ఊళ్ళో నానమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నా. అమ్మ, బాపు, తమ్ముడు భివండీలో అంజూర్ ఫాటా దగ్గర ఒక చాల్‌లో ఉంటారు. ఒక్కటే అర్ర. మరాఠీలో ఫాటా అంటే దారి చీలే చోటు. నిజంగానే అక్కడ లారీలు, ఆటోలు ఎటువి అటు చీలిపోతుంటాయి. దగ్గర్లోనే భివండీ రోడ్ రైల్వే స్టేషన్. పద్మనగర్ దిక్కు పోతే మన మాటలే వినిపిస్తాయి. మన పద్మశాలీలు తరాల కిందనే పోయి స్థిరపడ్డ చోటు అది.

పోయిన డిసెంబర్‌లో రాత్రి షిఫ్టులో సాంచాల మధ్యనే బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట పోయింది. మనం చెప్పేదంతా తెలుస్తది, తను చెప్పబోతే మాత్రం "బ... బ..." అని ఆగిపోతడు. నేను బస్సెక్కి పోయేసరికి దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన్రు.

మూడో రోజు లెక్కలు రాసే మెహతాజీ తమ్ముణ్ని పిలిపించి, మీ నాయిన తీసుకున్న అడ్వాన్సుల ఇంకా 40 వేలు ఉన్నది అన్నడట. అమ్మ ఒప్పుకోలేదు. "అది ఎప్పుడో తీరింది. పగారు తీసుకున్న ప్రతిసారి మీ బాపు ఆ బుక్కు ఫొటో కొట్టుకుంటడు" అన్నది. ఫొటోలు ఫోనులో ఉన్నయి. ఫోనుకేమో ప్యాటర్న్ లాక్.

వేలిముద్ర పెట్టుకోవచ్చు గదా అంటారేమో. నూలు పట్టీ పట్టీ బాపు వేళ్ళ గీతలు అరిగిపోయినయి. ఊరికొచ్చినప్పుడు రేషన్ దుకాణంలోని మిషన్ కూడా ఆయన వేళ్ళను ఒక్కసారికి గుర్తుపట్టదు. అందుకే ప్యాటర్న్.

"నేను చూడొచ్చా బాపూ?" అని అడిగిన. తల ఊపిండు. ఎడమచేత్తో తనే గీయబోయిండు. వేలు వణికి ఎటో పోయింది. మళ్ళీ గీసిండు, మళ్ళీ తప్పు. అప్పుడు నాకర్థమైంది, ఆ గీత బాపు తలకాయలో బొమ్మగా లేదు. కుడిచేతి బొటనవేలికి తెలుసు, అంతే. ఆ వేలు ఇప్పుడు లేవదు.

తమ్ముడు, నేను తోచినవన్నీ గీసినం. ఎల్, జెడ్, ఎన్, బాపు పేరులో మొదటి అక్షరం, చౌరస్తా లాగ ఒకటి. ఐదు తప్పులు కాంగనే 30 సెకన్లు ఆగమన్నది. తప్పులు పెరిగిన కొద్దీ ఆగమనే సమయమూ పెరిగింది. తొమ్మిది చుక్కలే గదా అనుకుంటాం. కనీసం నాలుగు చుక్కలు కలపాలన్న లెక్కన అందులో 3,89,112 ప్యాటర్న్‌లు ఉన్నాయి. ఒక్కోదానికి అర నిమిషం పట్టినా, తిండీ నిద్రా లేకుండా 135 రోజులు. ఈ లెక్క నేను బాపు మంచం పక్కన కూర్చుని వేసిన. చేసే పనేమీ లేక.

ఫాటా కాడ మొబైల్ దుకాణానికి పోయినం. ఆ పిల్లగాడు మంచోడు, డబ్బుల కోసం ఆశ చూపలేదు. రీసెట్ కొడితే ఫోను పనిచేస్తది గానీ ఫొటోలన్నీ పోతయి అన్నడు. పోనీ పోయినా, తర్వాత పాత గూగుల్ అకౌంట్ అడుగుతది. 2015 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ కాపలా ఉన్నదట, దొంగలకు పనికిరాకుండా. బాపు అకౌంట్ ఏమిటో మాకేం తెలుసు? ఫోను కొన్ననాడు దుకాణంవాళ్ళే ఏదో మెయిల్ తయారుచేసి ఇచ్చిన్రు. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. మనలో ఎంతమంది అమ్మానాయినల ఫోన్లు ఇట్లనే నడుస్తున్నాయో ఒకసారి అడిగి చూడండి.

సిమ్ము తీసి నా ఫోనులో వేసిన. బ్యాంకు మెసేజ్‌లు వచ్చినయి, చుట్టాల ఫోన్లు వచ్చినయి. ఫొటోలు రావు గదా.

పదకొండో రోజు పొద్దుగూకినంక అమ్మ రొట్టెలు చేస్తున్నది. నేను మళ్ళీ ఐదుసార్లు తప్పు గీసి, ఫోను కింద పెట్టి కూర్చున్న. అమ్మ తొంగిచూసి, "ఇది మూడు చుక్కల ముగ్గే గదనే" అన్నది. చెయ్యి కడుక్కొచ్చి, బండ మీద పిండితోనే తొమ్మిది చుక్కలు పెట్టి, ఆగకుండా ఒక గీత గీసింది. అమ్మకు ఫోను ముట్టుడే రాదు. రోజూ రొట్టెలు చేస్తూ, ఎదురుగా కూర్చున్న బాపు వేలు చూసేదట.

బాపు మొకంలో ఎడమ సగం నవ్వింది. ఈమె చూస్తున్నదని ఆయనకు ఇన్నేండ్లూ తెలియదు.

అట్లనే గీసిన. తప్పు. అమ్మ నొచ్చుకున్నది. "ఇదే నే, నాకు తెల్వదా" అని మళ్ళీ అదే గీసింది. తమ్ముడే పసిగట్టిండు. అమ్మ ఎదురుగా కూర్చుని చూసింది గదా, అంటే ఆమె చూసింది తలకిందులు. నేను లేచి బండకు అవతలి దిక్కు పోయి, అక్కణ్నుంచి చూస్తూ గీసిన. తెరుచుకున్నది.

వాట్సాప్ ముట్టలేదు. ఫొటోలే చూసిన. నెలల వారీగా బుక్కు పేజీలు, మీటర్లు, కోతలు, చివర మెహతాజీ సంతకం. వాటి నడుమ ఒక అప్పు చీటీ ఉన్నది. ఇంట్లో ఎవరికీ చెప్పనిది. తారీఖు నా హాస్టల్ ఫీజు కట్టిన నెలది. తలెత్తితే బాపు నా దిక్కే చూస్తున్నడు. నేనేమీ అడగలేదు. అమ్మకూ చెప్పలేదు.

తెల్లారి తమ్ముడు ఫోను పట్టుకపోతే మెహతాజీ అద్దాలు పెట్టుకుని, ఒక్కో ఫొటో పెద్దగ చేసి చూసిండట. 40 వేలు 6 వేలు అయింది. ఆ 6 వేలు ఎట్లా మిగిలినయో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కట్టేసినం.

లాక్ తీసేస్తనంటే బాపు తల అడ్డంగ ఊపిండు. అందుకే ఉంచినం. ఇప్పుడు రోజూ అమ్మనే తెరిచి ఆయన ఎడమచేతికి ఇస్తది. ఫోనును తలకిందులుగా తిప్పి పట్టుకుంటేనే ఆమెకు ఆ గీత వస్తది.