గుర్రపు వెంట్రుక గీసిన కుండ

న్యూ మెక్సికోలోని అల్బుకర్కీ దాటి పడమరగా అరవై మైళ్ళు. డాలస్‌లో ఉండే మా మేనకోడలు కారు నడుపుతూ, "కుండలు చూడ్డానికి ఇంత దూరమా మావయ్యా?" అని దారంతా సణుగుతూనే ఉంది. అకోమా ఆదివాసుల గుట్ట కనబడగానే నోరు మూసుకుంది. 360 అడుగుల పైచిలుకు ఎత్తున నిలువునా లేచిన ఇసుకరాతి గుట్ట, దాని నెత్తిన మట్టి ఇళ్ళు. గైడు లేకుండా పైకి పోనివ్వరు. ఫొటో తీయాలంటే అనుమతి చీటీ ఉండాలి.

ఇళ్ళ ముందు బల్లలేసుకుని ఆడవాళ్ళు కుండలు అమ్ముతున్నారు. యుక్కా ఆకు కుంచెతో గీసే సన్నగీతలు అకోమావారి పాత విద్య. వాటి పక్కనే ఇంకో రకం: పాలతెలుపు మీద మెలికలు తిరిగిన నల్లటి గీతలు. గుర్రపు వెంట్రుకలట! కొన్నిటి మెడ దగ్గర నారింజ రంగు కూడా మెరుస్తోంది. ఆ రంగే నన్ను పట్టేసింది.

అదెలా చేస్తారో చూద్దామని మర్నాడు అల్బుకర్కీలో ఒక కుమ్మరామె పెరట్లో చేరాం. ఈ వెంట్రుకల కుండల పద్ధతినీ, జపాన్ కుండల పేరుతో, రాకు అనే అంటారు. పదహారో శతాబ్దపు క్యోటోలో చోజిరో అనే కుమ్మరి చేసిన అసలు రాకు టీ గిన్నెలకు గ్లేజు (గాజుపూత) ఉంది, దీనికి లేదు. అందుకే ఆ పేరు దీనికి చెల్లదనేవాళ్ళూ ఉన్నారు. నాకా పేచీ పట్టలేదు. సన్నటి మట్టినీళ్ళు పూసి, నున్నగా రుద్ది, ఒకసారి కాల్చిన కుండను ఆమె మళ్ళీ బట్టీలో పెట్టి, దాదాపు 600 డిగ్రీల వేడి మీద పటకారుతో బయటికి తీసింది. తోకవెంట్రుక తగిలీ తగలగానే చుర్రుమని ముడుచుకుంది. కమురు కంపు! అంత కంపులోంచి సిరాతో గీసినట్టు ఒక గీత. కుండ మరీ వేడిగా ఉంటే గీత నిలవదు, చల్లారితే వెంట్రుక జిగురై అంటుకుంటుంది. ఉన్న గడువు రెండు మూడు నిమిషాలే.

రంగు వేయాలన్నా ఆ గడువులోనే. తర్వాత వేసి మళ్ళీ కాలుద్దామంటే, గీతలన్నీ బొగ్గే కదా, కాలి మాయమైపోతాయి. గ్లేజు పూస్తే మట్టిరంధ్రాలు మూసుకుని గీతే పడదు. అందుకని వేడి కుండ మీద ఫెరిక్ క్లోరైడ్ చల్లుతారు. ఇనుము తుప్పురంగు తేలుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు చెరుపు. మాస్కు, గ్లౌజులు లేనిదే సీసా ముట్టుకోనివ్వలేదామె.

సీసా చేతికొచ్చాక నాకు ఆశ ఆగలేదు. మెడ చాలన్నా వినకుండా కుండంతా చల్లేశాను. వెంట్రుకలు గీసిన గీతలన్నీ తుప్పులో మునిగిపోయాయి. మా మేనకోడలు మెడ వరకే చల్లింది. దానిది చూస్తే గుర్రం పరిగెత్తినట్టుంది, నాది చూస్తే పాత బాణలి.

రెండూ ఇప్పుడు మా హాల్లో ఉన్నాయి. ఎవరైనా పూలు తెస్తే ఎండుపూలే తెండి. ఈ కుండల్లో నీళ్ళు నిలవవు.