గడప దాటని యాత్ర

గడప దాటకుండానే నగరం చూపించే విద్య జాసూసీ నవలది. ఇబ్నె సఫీ 1952లో అలహాబాదు నుండి ‘జాసూసీ దునియా’ ప్రారంభించారు. ఆనవాళ్ళను గమనించే చూపును అటువంటి కథలు అలవరుస్తాయి.

ఆ చూపుతో, ఇంట కూర్చునే, తార్నాక నుండి ఉస్మానియా ప్రాంగణంలోకి నడవండి. 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన విశ్వవిద్యాలయమిది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల ముందు ఆగండి. గ్రానైటు గోడలపై ఇస్లామీ కమానులు, వాటి చెంతనే అజంతా, ఎల్లోరాలను తలపించే స్తంభాలు. కట్టించినవారి ఆశయానికి ఇవే సాక్ష్యాలు.

అయితే ఈ చూపుకు హద్దు ఉంది. ‘జాసూస్’ అన్న పదమూ, దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా (49:12) వారించిన ‘తజస్సుస్’ అన్న పదమూ ఒకే ధాతువు నుండి పుట్టాయి. రాతిగోడ చెప్పే చరిత్రను వెదకడం విజ్ఞానం. పొరుగింటి పరదా వెనుక లోపాలు వెదకడం పాపం. పిల్లల చేతికి నవల ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి.