గడ్డి మైదానంలో చందమామ నత్తలు

భీమిలిలోనో ఉప్పాడలోనో ఇసుకలో గుల్లలు ఏరుకునే పిల్లల్ని గమనించండి. దోసెడు చిప్పలు ఏరితే అందులో ఒకటో రెండో చిప్పలకు గుండ్రంగా చిన్న చిల్లు ఉంటుంది. దండ గుచ్చుకోమని ఎవరో పనిగట్టుకుని తొలిచిపెట్టినట్టే ఉంటుందది. పిల్లలకు అంతకంటే ఏం కావాలి? ఇంటికెళ్లగానే దారం ఎక్కించేస్తారు. కానీ అది దండ కోసం పెట్టిన చిల్లు కాదు. ఆ చిప్పలో కాపురమున్న జీవిని చంపి తినడానికి పెట్టిన కన్నం!

కన్నం వేసిన దొంగ కూడా ఓ నత్తే. ఇంగ్లిషులో మూన్ స్నెయిల్ అంటారు. పున్నమి చంద్రుడిలా గుండ్రంగా, నున్నగా ఉంటుంది కాబట్టి మనం చందమామ నత్త అనుకోవచ్చు. పేరుకు చందమామేగానీ చేసేవన్నీ చీకటి పనులు. ఇసుక కింద దూరి వెళ్తూ చిప్పజీవిని వెతికి పట్టుకుంటుంది. తన పెద్ద పాదంతో దాన్ని చుట్టేస్తుంది. గుల్ల మీద ఆమ్లం లాంటి ద్రవాన్ని పూసి మెత్తబరుస్తుంది. ఆపైన ఆకురాయిలా గరుగ్గా ఉండే నాలుకతో గీకుతుంది. మళ్లీ పూత, మళ్లీ గీకుడు. గంటల తరబడి, గుల్ల మందంగా ఉంటే రోజుల తరబడి ఇదే పని. చిల్లు పడగానే తొండాన్ని లోపలికి దించి మాంసాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. మరో చందమామ నత్త ఎదురుపడితే? దాన్నీ వదలదు.

ఇదంతా సముద్రం ఒడ్డు కథ. విచిత్రం ఏమిటంటే... ఇలాంటి నత్తలు, వాటివల్ల చిల్లులు పడ్డ చిప్పలు సముద్రానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, ఆవుల మందలూ గడ్డి తప్ప మరేమీ కనిపించని నేలలో కూడా దొరుకుతున్నాయి. ఆ నేల పేరు సౌత్ డకోటా. అమెరికా నడిబొడ్డున ఉంటుంది.

రష్‌మోర్ దాకా వెళ్లినవాళ్లకు...

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు సౌత్ డకోటా కొత్తేమీ కాదు. వేసవి సెలవులొస్తే పులిహోర డబ్బాలు కార్లో పెట్టుకుని, ఇంటర్‌స్టేట్ 90 మీద బయల్దేరి, కొండకు చెక్కిన నలుగురు అధ్యక్షుల ముఖాల ముందు ఫొటో దిగి వస్తుంటారు. దారిలో బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్కు తగులుతుంది. వానకూ గాలికీ కోసుకుపోయిన మట్టిగుట్టలు, వాటి మీద చీరంచుల్లా రంగురంగుల పట్టీలు. అందరి కళ్లూ పైకే చూస్తాయి. అసలు సంగతి అడుగునుంది. అక్కడి నల్లటి బురదరాయి ఒకప్పటి సముద్రపు అడుగు. పసుపు రాసినట్టుండే గుట్టలు ఆ సముద్రం వెళ్లిపోయాక బయటపడిన అడుగుమట్టి ఎండకూ వానకూ మారి ఏర్పడినవి.

సుమారు పది కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అమెరికా ఒక ఖండం కాదు. ఆర్కిటిక్ నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా ఓ సముద్రం దాన్ని నిలువునా రెండు ముక్కలు చేసింది. బాగా పొంగిన కాలంలో దాని పొడవు దాదాపు 3,200 కిలోమీటర్లు, వెడల్పు 970 కిలోమీటర్లు ఉండేదని అంచనా. అంత వైశాల్యమున్నా లోతు మాత్రం తక్కువే, ఎక్కడ చూసినా వెయ్యి మీటర్ల లోపే. పడమట రాకీ పర్వతాలు లేస్తున్నకొద్దీ సముద్రం వెనక్కి తగ్గుతూ వచ్చింది. భూమి మీద డైనోసార్ల కాలం ముగిసే నాటికి దాదాపు ఖాళీ అయిపోయింది.

ఆ సముద్రం చివరి రోజుల ఆనవాళ్లు చూడాలంటే ర్యాపిడ్ సిటీ నుంచి ఈశాన్యంగా వెళ్లాలి. రోడ్డుకు రెండువైపులా గడ్డి, మధ్యమధ్యలో గాలిమరలు, మైళ్లకొద్దీ ముళ్లకంచెలు. ఫెయిత్ అనే చిన్న ఊరు దాటాక షాయెన్ రివర్ తెగ రిజర్వేషన్ మొదలవుతుంది. టింబర్ లేక్ అనే ఊరు ఈ రిజర్వేషన్‌లోదే. జనాభా అయిదొందలకు అటూఇటూ. అయితేనేం, ప్రపంచంలో ఎక్కడున్నా శిలాజాలు చదివేవాళ్లకు ఆ పేరు తెలుసు. ఊళ్లోని చిన్న మ్యూజియంలో ముత్యపు మెరుపు ఇంకా పోని అమ్మోనైట్ గుల్లలుంటాయి. చుట్టుపక్కల ఇసుకరాయి పొరలకు ఫాక్స్ హిల్స్ అని పేరు. వయసు సుమారు 7 కోట్ల ఏళ్లు. ఈ పొరల్లో అక్కడక్కడా గుమ్మడికాయల్లాంటి రాతిముద్దలు ఉంటాయి. సుత్తితో సరైన చోట కొడితే కొబ్బరికాయలా పగులుతాయి. లోపల చిప్పలు, అమ్మోనైట్లు, నత్తలు... నిన్న మొన్న చచ్చినట్టు!

సుత్తి పట్టుకుని దిగిపోదామనుకుంటే మాత్రం కుదరదు. తెగ భూముల్లో అనుమతి లేనిదే రాయి తీయకూడదు. నేషనల్ పార్కులో అసలే తీయకూడదు. ఈ విషయంలో ఆ ప్రాంతం కోర్టుల దాకా వెళ్లింది. 1990లో ఫెయిత్ దగ్గరే 'స్యూ' అనే టైరనోసారస్ అస్థిపంజరం దొరికింది. అది ఎవరిదన్న తగువు ఏళ్ల తరబడి నడిచి, చివరికి 1997లో వేలంలో 83.6 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. సముద్రం తప్పుకున్న నేల మీద తిరిగిన జంతువది. తప్పుకోకముందు అదే చోట ఇసుకలో పాకిన నత్తకు పావలా ఇచ్చేవాళ్లు లేరు. కానీ ఆ నత్తకు సరైన పేరు పెట్టడమనేది అంత తేలిక వ్యవహారం కాదు.

చెవులు వినపడని మనిషి

ఈ నత్తలకు మొదట పేర్లు పెట్టినవాళ్లలో ముఖ్యుడు ఫీల్డింగ్ బ్రాడ్‌ఫోర్డ్ మీక్. వ్యాపారం చేసి దెబ్బతిన్నాడు. పొట్టకూటికి మనుషుల బొమ్మలు గీశాడు. 1853లో జేమ్స్ హాల్ అనే పెద్ద శాస్త్రవేత్త మీక్‌నీ, హేడెన్ అనే యువకుణ్నీ మిస్సోరి నది మీదుగా బ్యాడ్‌లాండ్స్‌కి పంపించాడు. హేడెన్ ఆ తర్వాత ఎల్లోస్టోన్‌ను సర్వే చేసి పేరు తెచ్చుకున్నాడు. మీక్ మాత్రం గుల్లలతోనే ఉండిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. వినికిడి క్రమంగా పోయింది. 1858 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ భవనంలోనే ఓ గదిలో కాపురం. ఎగువ మిస్సోరి శిలాజాల మీద ఆయన రాసిన 600 పేజీలకు పైబడిన గ్రంథం 1876లో వచ్చింది. ఆ ఏడాది చివరే ఆయన కన్నుమూశాడు. బొమ్మలు గీసిన చెయ్యి కదా... ఒక నత్తకూ ఇంకో నత్తకూ మధ్య వెంట్రుకవాసి తేడా కూడా ఆయన కంటినుంచి తప్పించుకునేది కాదు.

ఇంతకీ తేడా ఎక్కడ చూడాలి? బొడ్డు దగ్గర!

నత్తగుల్లను తిరగేసి పట్టుకుంటే నోటి పక్కన, చుట్లన్నీ కలిసే మధ్యభాగంలో ఓ గుంట ఉంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని అంబిలికస్ అంటారు. లాటిన్‌లో దానర్థం బొడ్డే. కొన్నింటిలో అది నోరు తెరుచుకున్నట్టు వెడల్పుగా, అంచులు దేరి ఉంటుంది. శిఖరం అణిగిపోయి, భుజాలు చదునుగా ఉంటే అది గైరోడెస్ ప్రజాతి. శిఖరం కాస్త లేచి, బొడ్డు సన్నటి చీలికలా ఉంటే యూస్పైరా. బొడ్డు మీద కాయ కాసినట్టు గట్టి ముద్ద ఏర్పడి పూర్తిగా మూసేస్తే లెక్క వేరు. నత్త నోటికి బిగించుకునే మూత కూడా దొరికితే పని సులువవుతుంది. కొన్నింటికి ఆ మూత సున్నపుది, కొన్నింటికి గోరులాంటి పదార్థంతో చేసింది. కానీ నత్త చచ్చిపోగానే మూత ఊడిపోతుంది. 7 కోట్ల ఏళ్ల తర్వాత మూతా గుల్లా ఒకేచోట దొరకాలంటే అదృష్టం ఉండాలి.

ఇక పేర్ల సంగతి. జంతువుల శాస్త్రీయనామాల్లో ముందు ప్రజాతి పేరు, తర్వాత జాతి పేరు వస్తాయి. తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు... మన పద్ధతే! హాల్, మీక్‌లు 1850ల్లో ఓ చిన్న నత్తకు 'నాటికా కాన్‌సిన్నా' అని పేరు పెట్టారు. కాన్‌సిన్నా అంటే పొందికైనది. తర్వాత మీక్ దాన్ని 'లునేషియా' ఇంటికి పంపాడు. ఇప్పుడు లునేషియా అన్న ఇల్లే వేరుగా లేదు, అంతకంటే పాతదైన యూస్పైరాలో కలిపేశారు. ఇంటిపేరు మారినా సొంతపేరు అలాగే ఉంటుంది. మారిందని తెలియడానికి మొదట పేరు పెట్టినవాళ్ల పేర్లను బ్రాకెట్లో పెడతారు. పెళ్లిశుభలేఖల కంటే కచ్చితమైన లెక్క!

పేరు మారితే ఏం పోయింది?

చాలానే పోతుంది. చిల్లు పెట్టి తినే ఈ వేట ఎప్పుడు మొదలైందన్నది సముద్రజీవుల చరిత్రలో పెద్ద ప్రశ్న. శత్రువు కన్నం వేస్తుంటే చిప్పలు గోడలు మందం చేసుకోవాలి, ఇంకా లోతుగా దాక్కోవాలి. అంటే ఒక దొంగ పుట్టిన తేదీని బట్టి మిగతా ఊరి కథంతా మారుతుంది. 1984లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ట్రయాసిక్ కాలపు చిప్పల మీది చిల్లులు చందమామ నత్తల పనేనని చెప్పింది. అంటే 20 కోట్ల ఏళ్లకు పైమాట. ఆ కాలపు రాళ్లలో గుండ్రటి నత్తలూ ఉన్నాయి కాబట్టి అందరికీ నమ్మకంగానే అనిపించింది.

కథ అడ్డం తిరిగింది ఫిలిప్పీన్స్‌లో. అక్కడి లోతు తక్కువ నీళ్లలో సెర్నినా ఫ్లక్చువేటా అనే నత్త ఉంటుంది. చూడ్డానికి అచ్చం చందమామ నత్త. ట్రయాసిక్ నత్తల వంశంలో ఇప్పటికీ మిగిలి ఉన్నది ఇదే. జపాన్ పరిశోధకులు కాసె, ఇషికావా దాని తిండిని పరిశీలించి 2003లో ఫలితం ప్రకటించారు. అది వేటాడదు. నాచు మేస్తుంది! అచ్చం దొంగలాగే ఉన్న శాకాహారి అన్నమాట. అలాంటప్పుడు పాతకాలపు గుండ్రటి నత్తలన్నిటినీ చందమామ నత్తలుగా లెక్కకట్టడం కుదరదు. అసలైన వేటగాళ్లు క్రెటేషియస్ కాలంలోనే వచ్చారన్న వాదనకు దీంతో బలమొచ్చింది. పది కోట్ల ఏళ్లు ఒక్క దెబ్బకు తేడా!

అందుకే ఫాక్స్ హిల్స్ లాంటి చోట్లకు ఇంత విలువ. ఇక్కడ నత్తా ఉంది, పక్కనే అది తొలిచిన చిప్పా ఉంది. చందమామ నత్త పెట్టిన చిల్లు పైన వెడల్పుగా, లోపలికి సన్నంగా ఉంటుంది. మరతల లోపలికి దిగేలా వడ్రంగి చెక్కలో తీసే గుంటలా అన్నమాట. చిల్లులు పెట్టే ఇంకో రకం నత్తలున్నాయి. వాటి చిల్లు గోడలు నిటారుగా ఉంటాయి. కొన్ని చిప్పల మీద చిల్లు సగంలోనే ఆగిపోయి ఉంటుంది. ఎందుకు ఆగిందో... చిప్ప తప్పించుకుందో, నత్తనే ఎవరైనా ఎత్తుకెళ్లారో!

ఇలాంటి గుల్లల కోసం తెలుగువాళ్లు అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. గోదావరికి రాజమండ్రి వైపున్న కాతేరు, కొవ్వూరు వైపున్న పంగిడి క్వారీల్లో నల్లరాతి పొరల మధ్య సముద్రపు గుల్లలున్నాయి. పంగిడి కంకరతో ఇల్లు కట్టుకున్నవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? నాగపూర్‌లో ఉన్న మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే రాజమండ్రి గుల్లల్ని వర్ణించాడు. వాటిలో నాటికా కుటుంబం నత్తలూ ఉన్నాయి. ఆ లావా పొరల మధ్యే డైనోసార్ల కాలం ముగిసిన గీత ఉందని 2008లో గెర్టా కెల్లర్ బృందం తేల్చింది. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో మాట అంది. మధ్యప్రదేశ్‌లోని ఝిల్‌మిలి దగ్గర కూడా సముద్రపు సూక్ష్మజీవుల ఆనవాళ్లున్నాయి కాబట్టి నర్మద, గోదావరి లోయల వెంట దేశం మధ్యలోకి సముద్రం చొచ్చుకొచ్చి ఉండాలని! దీన్ని అందరూ ఒప్పుకోలేదు. చర్చ సాగుతోంది.

మళ్లీ సౌత్ డకోటా రాతిముద్దల దగ్గరకు వస్తే... పగలగొట్టిన ప్రతిదానిలోనూ చక్కటి గుల్ల రాదు. చాలాసార్లు గుల్ల కరిగిపోయి, లోపల నిండిన బురద మాత్రం గట్టిపడి నత్త ఆకారంలో మిగులుతుంది. ఇడ్లీ ఉందిగానీ ఇడ్లీరేకు లేదన్నమాట. బొడ్డు మీద ముద్ద ఉందో లేదో, అంచు ఎలా ఉందో చెప్పేది పైనున్న గుల్లే కదా. అదే పోయాక ఎంత అనుభవమున్నవాళ్లయినా చేసేదేమీ లేదు. మ్యూజియంలో సొరుగు తెరిస్తే అట్టపెట్టెల్లో ఒక్కో నత్త కింద రెండు మూడు చీటీలుంటాయి. పేరు మారినప్పుడల్లా కొత్త చీటీ పెడతారేగానీ పాతది పారెయ్యరు. ఇలాంటి రాతి అచ్చుల దగ్గర మాత్రం ఒక్కటే చీటీ ఉంటుంది. దాని మీద కుటుంబం పేరు రాసి, పక్కన 'ప్రజాతి తెలియదు' అని ఉంటుంది.