కంప్యూటర్‌కీ కావాలి ఓ నిల్వ జాడీ!

కొరివికారం జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు తిరక్కుండా పైన తెల్లగా బూజు! అందుకే ఏడాదికి సరిపడా పచ్చడి జాడీకెత్తి, వాసెన కట్టి, ఎవరి చెయ్యీ తగలని మూల పెట్టేస్తాం. వారానికి కావలసినంత చిన్న సీసాలోకి తీసి తిరగమోత పెట్టుకుంటాం. సీసా పాడయినా జాడీ భద్రం. వంటింట్లో ఇంత జాగ్రత్తగా ఉండే నేను, హాల్లో ఉన్న కంప్యూటర్ దగ్గర మాత్రం ఆ జాగ్రత్త మరిచిపోయాను. ఏం జరిగిందో చెబుతాను, మీ ఇంట్లో అలా జరక్కూడదని.

మాది మంగళగిరి. మామగారు జీవితమంతా గుంటమగ్గం మీద చీరలు నేశారు. నేను ఇంట్లోనే చీరలు అమ్ముతుంటాను. ఎవరికి ఎన్ని ఇచ్చాను, ఎవరి బాకీ ఎంత... లెక్కలన్నీ కంప్యూటర్లోనే. మామగారి ఫోటోలూ అందులోనే. ఆయన పోవడానికి ముందటేడు మా ఆడపడుచు వచ్చి, నాన్నని మగ్గం దగ్గర కూర్చోబెట్టి నలభై దాకా తీసింది. ఆయన చేతులు, నాడె, నిజాం అంచు... అన్నీ ఉన్నాయి వాటిలో.

2020లో లాక్‌డౌన్ రోజులు. పిల్లలకి ఇంట్లోనే క్లాసులు. మా అబ్బాయికి ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. కొనాలంటే వేలు. "ఊరికే దొరుకుతోందమ్మా" అంటూ ఎక్కడినుంచో దించాడు. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతుందని అందులో రాసి ఉందట. వాడు ఆపేశాడు! కాపలా కుక్కని మనమే కట్టేసి దొంగకి తలుపు తీయడమంటే ఇదే కదూ?

సాయంత్రం లెక్కలు చూద్దామంటే ఫైలు తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థం లేని నాలుగు అక్షరాలు వచ్చి చేరాయి. ఫోటోలదీ అదే గతి. పక్కనే ఇంగ్లీషులో ఓ చీటీ. మీ ఫైళ్ళకి తాళం వేశాం, చెవి కావాలంటే 980 డాలర్లు కట్టండి, మూడు రోజుల్లోపు కడితే సగం చాలు అని. చూశారా, దొంగతనంలో కూడా డిస్కౌంటు! ఆ సగమే అప్పటి లెక్కన ముప్పై ఆరు వేల పైమాట.

దీన్నే రాన్సమ్‌వేర్ అంటారు. రాన్సమ్ అంటే బందీని విడిచిపెట్టడానికి అడిగే సొమ్ము. ఇక్కడ బందీలు మన ఫైళ్ళు. అవి ఎక్కడికీ పోవు, మన కంప్యూటర్లోనే ఉంటాయి. కాకపోతే లోపలి అక్షరాలన్నీ ఒక రహస్య లెక్క ప్రకారం తారుమారయిపోతాయి. వాటిని తిరిగి సరిచేసే తాళంచెవి దొంగ దగ్గర మాత్రమే ఉంటుంది. లెక్క గట్టిదైతే ఎంత గొప్ప ఇంజనీరుకైనా ఆ చెవి లేకుండా తెరవడం సాధ్యం కాదు. మాకు తగిలింది 'స్టాప్' అనే జాతిదని తర్వాత తెలిసింది. ఊరికే వచ్చే దొంగ సాఫ్ట్‌వేర్ల వెనక నక్కి ఇళ్ళల్లోకి దూరడమే దాని పని.

ఇది కొత్త రోగమేం కాదండోయ్. 1989లోనే ఒకడు ఎయిడ్స్ వ్యాధి సమాచారమని చెప్పి, ఇరవై వేల ఫ్లాపీలు పోస్టులో పంపి కంప్యూటర్లని ఇలాగే బంధించాడు. పనామాలో ఒక పోస్టుబాక్సుకి 189 డాలర్లు పంపమన్నాడు. ఇక 2017 మే 12న మొదలైన 'వన్నాక్రై' సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నూటయాభైకి పైగా దేశాల్లో, రెండు లక్షలకి పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఇంగ్లండులో ఆసుపత్రుల పనులు ఆగిపోయాయి. మన రాష్ట్రంలో గుంటూరు, కృష్ణాతో సహా కొన్ని జిల్లాల పోలీసుల కంప్యూటర్లకీ తగిలింది. అదే వారంలో తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్నింటికీ తప్పలేదు. పోలీసులకీ, వెంకన్న సన్నిధికీ తప్పనిది మనకి తప్పుతుందా? విచిత్రం ఏంటంటే, అది దూరిన కంతని పూడ్చే మందు విండోస్ వాళ్ళు అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చారు. వేసుకోని వాళ్ళే ఎక్కువగా నష్టపోయారు.

మా ఇంటికొస్తే, మావారు ధైర్యంగానే ఉన్నారు. "కంగారు పడకు, హార్డ్ డిస్కులో ఇంకో కాపీ ఉందిగా" అన్నారు. ఉంది. కానీ ఆ డిస్కు ఏడాదిగా కంప్యూటర్ వెనకాలే వేలాడుతోంది. తెరిచి చూస్తే అందులోనూ అదే చీటీ! కంప్యూటర్‌కి ఏది తగిలించి ఉంటే దానికీ తాళం పడుతుంది. అదేనండీ, నేను మొదట్లో చెప్పిన తడి గరిటె. జాడీలోనే గరిటె వదిలేసి పచ్చడి బాగుంటుందనుకున్నాం.

మా అత్తగారు గుమ్మం దగ్గరే నిలబడి, "అయితే మీ మామగారి బొమ్మలు పోయినట్టేనా అమ్మాయ్?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి మావారు డబ్బు కట్టేద్దామన్నారు. నేనే వద్దన్నాను. మా కొండమీది పానకాల స్వామి బిందెడు పానకం పోస్తే సగం పుచ్చుకుని సగం ప్రసాదంగా తిరిగిస్తాడు. ఆ దొంగ చెవి ఇస్తాడని నమ్మకమేమిటి? కట్టిన డబ్బు ఇంకో ఇంటికి కన్నం వెయ్యడానికేగా పనికొచ్చేది!

లెక్కలు పోయాయి. చీరలు తీసుకున్న వాళ్ళందరికీ ఫోన్లు చేసి ఉన్నమాట చెప్పాను. చాలామంది ఎవరి బాకీ వాళ్ళే చెప్పారు. చెప్పనివాళ్ళ సంగతి పోనివ్వండి. ఫోటోల విషయంలో మాత్రం ఆ దేవుడే కాపాడాడు. చీరాలలో ఉండే మా ఆడపడుచు బీరువాలో పాత పెన్‌డ్రైవ్ ఒకటి ఉంది. అందులో పన్నెండు ఫోటోలు దొరికాయి. నలభైలో పన్నెండు! అవి బతికింది ఎందుకో తెలుసా? ఆ పెన్‌డ్రైవ్ ఏ కంప్యూటర్‌కీ తగిలించి లేదు కాబట్టి.

కాబట్టి సోదరీమణులారా, నిల్వ జాడీ సంగతి ముందు చూసుకోండి. ఒక హార్డ్ డిస్కు కొని ఫోటోలు, లెక్కలు, సర్టిఫికెట్లు అందులోకి ఎక్కించండి. పని అయిపోగానే వైరు పీకి బీరువాలో పెట్టేయండి. నేను ప్రతి పౌర్ణమికి ఈ పని చేస్తాను, తిథి అయితే మరిచిపోను కదా! వీలుంటే రెండు డిస్కులు ఉంచుకుని, ఒక నెల ఒకటి, మరుసటి నెల రెండోది వాడండి. ఒకటి చుట్టాలింట్లో ఉంటే ఇంకా మేలు.

ఇక దొంగ రాకుండా చూసుకోవాలి. విండోస్ అప్‌డేట్ అడిగితే "తర్వాత చూద్దాం" అనకండి. విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, మీది అదే అయితే కొత్తదానికి మారే సంగతి ఆలోచించండి. పిల్లలకి సాఫ్ట్‌వేర్లు ఎక్కించే అధికారం లేకుండా వేరే ఖాతా పెట్టండి. కొరియర్ బిల్లు, కరెంటు బిల్లు అంటూ తెలియనివాళ్ళ మెయిల్లో వచ్చిన ఫైలు తెరవకండి. విండోస్ సెక్యూరిటీలో 'రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్' అని ఒకటి ఉంటుంది, మామూలుగా అది ఆపేసి ఉంటుంది. తెలిసినవాళ్ళ చేత వేయించుకోండి.

ఒకవేళ తగిలిందే అనుకోండి, వెంటనే నెట్ ఆపేయండి. తగిలించిన డిస్కులు తీసేయండి. "పెన్‌డ్రైవ్ పెట్టి చూద్దాం" అని మాత్రం అనకండి, అదీ పోతుంది! చీటీని ఫోన్‌తో ఫోటో తీసి, 1930 నంబరుకి గానీ సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. తాళం పడిన ఫైళ్ళని పారేయకండి. డచ్చి పోలీసులు, యూరోపోల్, యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' అనే సంస్థ కొన్ని రకాలకి తాళంచెవులు ఉచితంగా ఇస్తోంది. ఈ రోజు లేని చెవి రేపు దొరకొచ్చు. మా మిగతా ఇరవై ఎనిమిది ఫోటోలూ ఆ ఆశతోనే ఓ డిస్కులో దాచి ఉంచాను.

దొరికిన పన్నెండింట్లో ఒకటి పెద్దదిగా వేయించి హాల్లో పెట్టాం. మామగారు నాడె చేత్తో పట్టుకుని నవ్వుతుంటారు. మా అత్తగారు రోజూ పొద్దున్నే ఆ పటం తుడిచి గానీ కాఫీ తాగరు. మీ ఇంట్లోనూ అలాంటి ఫోటో ఒకటి కంప్యూటర్లో ఉండే ఉంటుంది. ఈ పుస్తకం పక్కన పెట్టి, దానికి ఇంకో కాపీ ఉందో లేదో ఇప్పుడే చూడండి!