కోపానికి వడ్డీ

పోకర్ మొహాల ఆట అని బయటివాళ్ళు అనుకుంటారు. సినిమాల్లో చూపించేదీ అదే: నల్ల కళ్ళద్దాలు, కదలని కనురెప్ప, చివరి ముక్క తిప్పగానే ఎదుటివాడి మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం. ఆన్‌లైన్ పోకర్‌లో మొహాలే ఉండవు. ఆకుపచ్చ బల్ల బొమ్మ, చుట్టూ ఆరు మారుపేర్లు, ఒక్కో పేరు కింద మిగిలిన డబ్బు. అయినా ఎదుటివాడి మనసు చదవడం అక్కడే తేలిక. బెంగళూరులో ఉద్యోగం చేసిన నాలుగేళ్ళూ చిన్న చిన్న బల్లల మీద ఆడి ఈ సంగతి తెలుసుకున్నాను. మొహం దాచుకోవడం మనిషికి చిన్నప్పట్నుంచీ అలవాటే. డబ్బు పెట్టే తీరు దాచుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు.

ముందు లెక్క చూద్దాం. రూలెట్ ఆడేవాడు కాసినోతో ఆడతాడు. పోకర్‌లో ఆటగాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఆడుకుంటారు. బల్ల నడిపేవాడు పందెం సొమ్ములోంచి కొంత, చాలాచోట్ల ఐదు శాతం దాకా, తీసేసుకుంటాడు. దాన్ని రేక్ అంటారు. కాబట్టి సమానమైన మొనగాళ్ళు ఆరుగురు ఒకే బల్ల దగ్గర కూచుని చాలాకాలం ఆడితే చివరికి ఆరుగురూ నష్టపోతారు. గెలవడానికి నేను బాగా ఆడటం ఒక్కటే చాలదు. నాకంటే బాగా అధ్వాన్నంగా ఆడేవాడు ఒకడు ఎదురుగా ఉండాలి. వాణ్ణి పోకర్ భాషలో ఫిష్ అంటారు. చేప. అందుకే ఈ ఆటలో మొదట నేర్చుకోవాల్సిన విద్య ముక్కలది కాదు, ఏ బల్ల దగ్గర కూచోవాలన్నది.

చేపని గుర్తుపట్టడం కష్టమేం కాదు. ఆరుగురి బల్ల మీద జాగ్రత్తపరుడు నాలుగైదు పంపకాలకి ఒకసారి మాత్రమే డబ్బు పెడతాడు. చేప సగానికి సగం పంపకాల్లో దిగుతాడు. తెలివితక్కువవాడై కాదు. వాడు ఆడటానికి వచ్చాడు, ముక్కలు పారేసి ఊరికే కూచోవడానికి కాదు. వాడి అసలు బలహీనత కుతూహలం. ‘చూద్దాం, ఏం పోయింది’ అనుకుంటాడు. ఏం పోయిందో చూడండి. బల్ల మీద నాలుగు ముక్కలు పరిచి ఉన్నాయి, ఇంకొకటి రావాలి. వాడికి ఆఠీన్లు నాలుగయ్యాయి, ఐదోది పడితే గెలుపు. పాట్‌లో వంద ఉంది, నేను ఇంకో వంద పెట్టాను. వాడికి కనపడని ముక్కలు 46, పనికొచ్చేవి 9. అంటే ఐదింట ఒక అవకాశం కన్నా కాస్త తక్కువ. రెండువందల కోసం వంద పెట్టి కాల్ చేసిన ప్రతిసారీ, సగటున నలభై రూపాయలు నాకిచ్చినట్టే. కానీ ఐదింట ఒకసారి ఆఠీను పడుతుంది. వాడికి అదొక్కటే గుర్తుంటుంది.

అలాంటివాడి మీద బ్లఫ్ పనికిరాదు, ఎందుకంటే వాడు ముక్కలు పారెయ్యడు. కొత్తగా కాస్త నేర్చుకున్నవాళ్ళు ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. ఎదుటివాడు తమలాగే ఆలోచిస్తాడనుకుని సినిమా ఎత్తులు వేస్తారు. చేప దగ్గర గెలిచే పద్ధతి ఏమాత్రం సినిమాటిక్‌గా ఉండదు. మంచి ముక్కలు వచ్చేదాకా ఆగాలి, వచ్చాక పెద్ద పందెం కట్టాలి, మిగతా సమయం నోరు మూసుకుని కూచోవాలి. ఈ చివరిది ఎంత కష్టమో ఆడినవాళ్ళకే తెలుసు.

ఎందుకంటే చేప కూడా గెలుస్తాడు. నా దగ్గర రెండు ఆసులు, వాడి దగ్గర రెండు రాజులు, ఇద్దరం ఉన్నదంతా పెట్టేశాం అనుకోండి. వందలో 82 సార్లు నేను గెలుస్తాను. మిగతా 18 సార్లూ ఒకే వారంలో వరసగా రావచ్చు. అప్పుడు చేతులు వాటంతటవే పనిచేస్తాయి. తర్వాతి పంపకంలో చెత్త ముక్కలతో, మామూలుగా కన్నెత్తి చూడనివాటితో, పందెం పెంచేస్తాం. దీన్ని టిల్ట్ అంటారు. ఈ మాట పిన్‌బాల్ మెషిన్ల నుంచి వచ్చింది. గోళీ తమకి కావలసిన వైపు వెళ్ళాలని మెషిన్ని పట్టుకుని ఊపితే ‘టిల్ట్’ అని దీపం వెలిగి ఆట ఆగిపోతుంది. మనిషికి ఆ దీపం లేదు. ఆట సాగుతూనే ఉంటుంది.

కోపం గురించి శతకపద్యం మనందరం బళ్ళో బట్టీపట్టిందే. కోపం చెడ్డదని అందులో ఉంది, ఎలా పుడుతుందో లేదు. ఆ పని జారెడ్ టెండ్లర్ 2011లో వచ్చిన ‘ది మెంటల్ గేమ్ ఆఫ్ పోకర్’లో చేశాడు. టిల్ట్‌ని ఏడు రకాలుగా విడగొట్టాడు. అన్యాయం జరిగిపోతోందన్న కోపం వేరు, ఫలానావాడి మీద పగ వేరు, నేను ఇంత బాగా ఆడుతున్నాను కాబట్టి గెలుపు నా హక్కన్న అహం వేరు. పుస్తకంగా చూస్తే వచనం పొడిగా ఉంటుంది, చెప్పిందే చెబుతాడు. కానీ నాబోటి ప్రోగ్రామర్‌కి అది బగ్ రిపోర్ట్‌లా అర్థమైంది: ఏ ఇన్‌పుట్‌కి పేలుతున్నావు, పేలే ముందు లాగ్‌లో ఏం కనపడుతోంది? నాకు కనపడినది ఇది: ఊపిరి పైపైన ఆడేది, మౌస్ క్లిక్ వేగం పెరిగేది. అది గమనించగానే బల్ల మూసెయ్యాలి, ఆ పంపకంలో ఆసులు వచ్చినా సరే. మూడు పెట్టుబడులు పోతే ఆ రోజుకి ఆట బంద్. ఎంత పోయిందన్నది కాకుండా నిర్ణయం సరైనదా కాదా అన్నది మర్నాడు పొద్దున చల్లగా చూసుకోవడం. అన్నీ డ్యూక్ 2018లో రాసిన ‘థింకింగ్ ఇన్ బెట్స్’ మొత్తం ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది: ఫలితాన్ని బట్టి నిర్ణయానికి మార్కులు వెయ్యకు.

ఇదంతా ఏదో ఆధ్యాత్మిక సాధనలా వినిపిస్తుంది. అలా మాట్లాడేవాళ్ళు పోకర్ లోకంలో బోలెడుమంది ఉన్నారు కూడా. సమత్వం, ఫలాపేక్ష లేకపోవడం, క్షణంలో బతకడం. వాళ్ళు చెప్పకుండా వదిలేసేది రెండో సగం. నా కోపాన్ని అదుపులో పెట్టుకున్నది దాన్ని జయించడానికి కాదు, ఎదుటివాడి కోపం అదుపు తప్పే క్షణానికి నేను మేలుకుని ఉండటానికి. అది వస్తుంది. అప్పటిదాకా మెల్లగా ఆడినవాడు క్షణంలో పందెం కడతాడు. పాట్‌లో అరవై ఉంటే ఆరొందలు తోస్తాడు. డబ్బయిపోతే నిమిషంలో మళ్ళీ వేసుకుంటాడు. ఇంకా పెద్ద బల్లకి వెళ్తాడు. కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రాస్పెక్ట్ థియరీలో చెప్పినదానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ ఉండదు. లాభంలో ఉన్న మనిషి జాగ్రత్తపడతాడు, నష్టంలో ఉన్నవాడు అసలు రాబట్టుకోవడానికి ఎంత ప్రమాదానికైనా సిద్ధపడతాడు.

ఇంకో మర్యాద కూడా ఉంది. చేపని ఎప్పుడూ తిట్టకూడదు, వెక్కిరించకూడదు, పాఠం చెప్పకూడదు. ‘అక్వేరియం అద్దం మీద కొట్టకు’ అంటారు. చెత్త ముక్కలతో నన్ను ఓడించినా ‘బాగా ఆడారు’ అని రాయాలి. ఇంత మర్యాదస్తులు ఇంకెక్కడా కనపడరు. చేప బెదిరి వెళ్ళిపోకుండా ఉండటానికే ఆ మర్యాదంతా.

2019 సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు అక్క నన్ను మేడ మీదకి పిలిచి బావ బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందు పెట్టింది. బావ ఒక యాప్‌లో రమ్మీ ఆడుతున్నాడు. ఆంధ్రలో అప్పటికింకా నిషేధం రాలేదు. ‘నీకు పేకాట తెలుసుగా, నువ్వు చెబితే వింటాడు’ అంది. ఆ కాగితం నేను రోజూ రాత్రిళ్ళు చదివే హ్యాండ్ హిస్టరీ లాగే ఉంది. పదకొండున్నరకి 500. ఇరవై నిమిషాలకి ఇంకో 500. పన్నెండుంబావుకి 1000. తర్వాత గంటకు పైగా ఏమీ లేదు. ఒకటిన్నరకి 3000. ఒకటీ నలభైకి 5000.

బావ పైకి వచ్చాక అడిగాను: “పన్నెండుంబావుకి వేసిన వెయ్యితో పోయినదంతా దాదాపు వచ్చేసింది కదా బావా? లేద్దామనుకుని లేవలేదు.”

“నీకెట్లా తెలుసురా?”

“గంటసేపు డబ్బులు వెయ్యలేదు కాబట్టి గెలుస్తూనే ఉండుంటావు. ఒకటిన్నరకి ఒక్క ఆటలో పెద్ద మొత్తం పోయింది. ఇక ఐదు వేలు ఆడటానికి వేసినవి కాదు, కోపానికి వేసినవి.”

బావ చాలాసేపు మాట్లాడలేదు. ఎరువుల కొట్టు నడిపే మనిషి, లెక్కల్లో నాకంటే చురుకు. చివరికి అన్నాడు: “అంటే నువ్వు గెలిచేది నాబోటి వాళ్ళ దగ్గరేగా?”

“అంతే బావా.”

కోప్పడలేదు. “మరి ఆ టైములో వాడికెవడైనా చెబుతాడా, లెగవరా నాయనా అని?” అని అడిగాడు. ఆ ప్రశ్నకి పోకర్ పుస్తకాల్లో జవాబు లేదు. ఉన్న జవాబల్లా అద్దం మీద కొట్టకు అన్నదే.

ఈ దేశంలో పేకాట మీద వాదన యాభై ఏళ్ళకు పైగా ఒకే ఇరుసు మీద తిరిగింది: నైపుణ్యమా, అదృష్టమా? దానికి మూలమైన కేసుల్లో ఒకటి మనదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, పేర్చుకోవాలి, ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటే అంది. ఆన్‌లైన్ కంపెనీలన్నీ ఆ తీర్పునే గొడుగులా పట్టుకున్నాయి. నైపుణ్యం అన్న మాట గౌరవంగా వినిపిస్తుంది, పరిశ్రమలా, విద్యలా. బల్ల దగ్గర కూచున్నవాడికి దాని అర్థం వేరు. పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆటలో బలహీనుడికీ నాకూ సమానమైన అవకాశం. నైపుణ్యం ఉన్న ఆట అంటే, అది లేనివాడు కొన్నాళ్ళకి తప్పకుండా ఓడిపోయే ఆట. కోర్టులో ఆటని కాపాడిన వాదనే బల్ల మీద బావ లాంటివాళ్ళని ముంచుతుంది.

ఈ ఆలోచన మనకి కొత్తది కాదు. నలుడు పుష్కరుడి చేతిలో రాజ్యం పోగొట్టుకున్నప్పుడు అతన్ని కలి పట్టి ఉన్నాడు. పోకర్ భాషలో చెప్పాలంటే ఆగలేని టిల్ట్. ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకోగానే కలి వదిలిపోయాడు. లెక్క తెలిస్తే పూనకం దిగుతుందని ఆ కథ చెప్పినవాడికి తెలుసు. నలుడు మళ్ళీ ఆడి గెలిచాక ఏం చేశాడు? పుష్కరుణ్ణి చంపలేదు, దోచుకోలేదు, వాడి భాగం వాడికిచ్చి పంపేశాడు. ఈ కథ బృహదశ్వుడు చెబితే విని, అదే విద్యని అడిగి నేర్చుకున్న ధర్మరాజు మళ్ళీ శకుని ఎదురుగా కూచోలేదు. కంకుభట్టు వేషంలో విరాటరాజుతో ఆడాడు. బృహన్నలని పొగిడినందుకు రాజు పాచిక విసిరికొడితే ముక్కులోంచి నెత్తురు కారింది, అయినా మాట తూలలేదు. ఆటగాడి కోపం ఎలా ఉంటుందో, దాని ముందు నిలబడటం ఎలాగో అంత స్పష్టంగా చూపించిన ఘట్టం టెండ్లర్ పుస్తకంలో లేదు. రెండు కథల్లోనూ విద్య నేర్చుకున్నవాడు దాంతో ఎక్కడ ఆగాడన్నది కూడా కథలో భాగమే. మా పోకర్ పుస్తకాల్లో లేనిది అదే.

తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడానే పక్కన పెట్టి దేశమంతటికీ వర్తించేలా కాదంది. నేను అంతకు చాలా ముందే, ఉద్యోగం మారి హైదరాబాద్ వచ్చినప్పుడే ఆట మానేశాను. బావ ఆడటం లేదని అక్క చెబుతుంది.

ఆ స్టేట్‌మెంట్ చూశాక బావ ఫోన్ కూడా తీసి చూశాను. ఒకటీ ముప్ఫై ఎనిమిదికి ఒక మెసేజ్ ఉంది: ఇప్పుడే డబ్బు జమచేస్తే బోనస్. రెండు నిమిషాల తర్వాత ఆ ఐదు వేలు. ఆ మెసేజ్ ఆ నిమిషానికే ఎందుకొచ్చిందో నేను చెప్పలేను. కానీ ఎవరు ఎంత పోగొట్టుకున్నారో, ఎంత త్వరగా మళ్ళీ వేస్తున్నారో తెలుసుకోవడానికి పది లైన్ల క్వెరీ చాలని, అలాంటివి రోజూ రాసే నాకు తెలుసు. నేను నాలుగేళ్ళు ఊపిరి గమనించుకుంటూ, బల్లలు మూసుకుంటూ కష్టపడి నేర్చుకున్న నిగ్రహం దానికి పుట్టుకతోనే ఉంది. అది టిల్ట్ అవదు. దానికి నిద్ర రాదు. నేను గెలిచినా బావ గెలిచినా దాని వాటా దానికి ముడుతుంది.