108 కుట్లు

పాలకొల్లులో మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్తున్నానని తెలిసి, ఎటూ పక్కనే కదా, నర్సాపురం లేసు మీద ఏదైనా రాసుకురమ్మన్నాడు ఎడిటర్. శనివారం ఫంక్షన్ అయింది. ఆదివారం షాపింగ్ పేరుతో డాలస్ నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు కుటుంబంతో కలిసి సీతారామపురం లేసు పార్కుకి బయల్దేరాం. పార్కు సంగతి బ్రోషర్లో దొరుకుతుంది, నేను రాయక్కర్లేదు. అంతకుముందే ఒక వీధిలో, ఒకావిడ అరుగు దగ్గర, నేను ఆగిపోయాను.

అరవై దాటి ఉంటాయి. ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టుకుని, కుడిచేత్తో లేసు సూది ఆడిస్తోంది. చూపు మాత్రం వీధిలో పోయే వాళ్ళ మీద. అల్లిన గళ్ళు బొటనవేలే లెక్కపెట్టుకుంటోంది. దారం ఒరిసి ఒరిసి ఆ చూపుడువేలి మీద గీత పడిపోయింది. మాట్లాడుతూనే పువ్వు ముగించి ఒళ్ళో పడేసింది. పువ్వులు ఈవిడవి, వాటిని కలిపే అతుకుపని ఇంకో ఇంట్లోనట.

మావాళ్ళది బేస్‌బాల్ ఇల్లు. టెక్సస్ రేంజర్స్ 2023లో వరల్డ్ సిరీస్ గెలిచిన రాత్రి కథ ఫంక్షన్‌లో వంటవాళ్ళకి కూడా చెప్పారు. ఆర్లింగ్‌టన్ స్టేడియంలో స్టాండ్‌లోకి వచ్చిపడిన బంతి ఒకటి పిల్లాడికి దొరికింది. వాడు దాన్ని నిద్రలో కూడా వదలడు. అది చెయ్యిజారి అరుగు మీదికి దొర్లింది.

ఆవిడ అందుకుని ఎర్రదారం వెంట బొటనవేలు నడిపించింది. "మిషను కుట్టు కాదండి ఇది. ముడి ఎక్కడుందో కనపడనివ్వలేదు చూశారా! చెయ్యి తిరిగిన మనిషే."

"108 కుట్లు," అన్నాడు పిల్లాడు గర్వంగా. నిజమే. కోస్టారికాలో తురియాల్బా అనే ఊళ్ళో ఒక్కో బంతినీ మనుషులే కూర్చుని కుడతారు. ఆ పని సరిగ్గా చేసే యంత్రం ఇంకా రాలేదు.

"బంతికి ఎంతిస్తారంట?"

ఏ ఆటగాడు ఏ ఏడాది ఎన్ని కొట్టాడో దశాంశాలతో సహా చెప్పగల మావాళ్ళలో ఒక్కరికీ ఆ జవాబు తెలియదు. ఆ బంతి మీద కంపెనీ పేరుంది, లీగ్ కమిషనర్ సంతకముంది. కుట్టినవాళ్ళ పేరు లేదు. మన లేసుకి ఈమధ్యే భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ అది ఊరికొచ్చిన పేరు, ఈ వేలికి రాలేదు.

19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు గోదావరి ఒడ్డున నేర్పిన పని ఇది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం ఆడవాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంట్లో ఖాళీగా ఉండి చేసుకునే పనే కదా అనే ఒక్క మాట అడ్డుపెట్టి కూలి ఎలా తొక్కిపెట్టారో, మగవాళ్ళు వ్యాపారులై ఎలా ఎదిగారో అందులో ఉంది. ఆ మాట ఇంకా బతికే ఉంది. "దారం ఇచ్చేదీ వాళ్ళే, లెక్క కట్టేదీ వాళ్ళేనండి" అంటుంది ఈవిడ. కూతురు సూది ముట్టదు, రొయ్యల ప్లాంటుకి పోతుంది. అక్కడైతే రోజుకూలి. యువతరానికి మన కళలంటే మక్కువ లేదని వేదికలెక్కి బాధపడేవాళ్ళు ముందు ఆ రెండు కూలీలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పిల్లది మక్కువ సమస్య కాదు.

తర్వాత కొట్లో మా మరదలు టేబుల్ కవర్‌కి అరగంట బేరమాడి, మూడొందలు తగ్గించి, గెలిచిన మొహంతో బయటికొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. రేంజర్స్ టికెట్ దగ్గర కూడా ఇలాగే బేరమాడతావా అని అడిగేశాను.

"అది ఫిక్స్‌డ్ రేటు కదా బావగారూ," అంది.